గాజుకుండలో ఒక్క చేప

అనగనగా, సముద్రపు హోరు చెవిన పడేంత దగ్గరలో, ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు బంగారూ. పెద్దామె మాణిక్యాంబ, చిన్నామె చంద్రమతి. ఒకే ఇంట్లో చెరొక వాటా.

మాణిక్యాంబ దగ్గర ఒక చిన్న గాజుకుండ ఉండేది. రెండు చెంబుల నీళ్ళు పోస్తే అంచుకు వచ్చేది. అది ఏదో దూరదేశపు ఓడలో దిగిందని కొందరు, కాదు, ఏ రాణివాసంలోనో ఉండేదని కొందరు చెప్పుకొనేవారు. ఓడను చూసినవారు లేరు, రాణిని చూసినవారు అసలే లేరు. కాబట్టి మనం గాజుకుండ అని మాత్రమే అనుకుందాం.

దసరా వచ్చింది. ఇద్దరూ ఎవరి వాటాలో వారు బొమ్మల కొలువు పెట్టారు. కొలువు ముందు కొలను ఉంటేనే కదా అందం! చంద్రమతి పుట్టింటివారు నది నడుమనున్న లంకగ్రామం నుంచి పెద్ద ఇత్తడి గంగాళం పంపారు. అందులో ఆమె గుప్పెడు చేపలను వదిలింది. సాయంత్రం వచ్చిన పేరంటాళ్ళందరూ దాని చుట్టూనే మూగారు.

ఆ తర్వాత మర్యాద కోసం ఇటు, మాణిక్యాంబ వాటాకు వచ్చారు. ఇక్కడ కొలను అంటే నీళ్ళు పోసిన గాజుకుండే, అందులో చేప లేదు. ఎదురింటి సుభద్రమ్మ గాజుకుండలోకి తొంగిచూసి, "నీళ్ళు మాత్రం భలే తేటగా ఉన్నాయమ్మా మాణిక్యం!" అన్నది. మిగిలినవారు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు.

మాణిక్యాంబ కడుపులో కుంపటి రాజుకుంది. ఆమె శనగలు పంచుతూనే ఉంది, కుంపటి మండుతూనే ఉంది. పండుగ ముగిసేలోగా ఆ ఆడవాళ్ళందరినీ తన కుండ ముందు నిలబెట్టలేకపోతే, పెద్దకోడలిగా తన మాటకు ఇక విలువ ఉండదని ఆమెకు తోచింది.

అప్పుడు చేపలమ్మే నూకాలును పిలిచింది. "వెండిలా మెరిసే చేపను ప్రాణంతో తెచ్చిపెట్టవే" అన్నది.

"ఇగురుకా అమ్మగారూ, పులుసుకా?"

"కూరకు కాదే, కొలువులోకి!"

"మా పులుసులో ఉడికేదానికి మీ కొలువులో ఉద్యోగమా తల్లీ!" అని నవ్వుకుంటూ వెళ్ళి, నూకాలు ఒక బొచ్చెపిల్లను తెచ్చింది.

బొచ్చె అంటే, పెరిగితే నీ అంత బరువు తూగే చేప బంగారూ. పిల్లగా ఉన్నప్పుడైనా దానికి చెరువంత చోటు కావాలి. కుండలో అది ఇటు తిరిగితే ముక్కు గాజుకు తగిలింది, అటు తిరిగితే తోక తగిలింది. తెల్లవారేసరికి నీళ్ళ పైకి వచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ రొప్పుతోంది. మాణిక్యాంబ జాలిపడి దానిని కాలువలో వదిలించింది. జాలిపడిందే గాని, తప్పు తాను ఇచ్చిన చోటుదని ఆమెకు తట్టలేదు. "అటు వాటా చూపు తగిలింది" అనుకొన్నది.

ఆ తర్వాత ఆమె ఆలోచన మారింది. ఒక్క పెద్ద చేప ఎందుకు? చిన్నవే చాలా ఉండాలి. చంద్రమతి గంగాళంలో గుప్పెడుంటే నా కుండలో దోసెడుండాలి! నూకాలు పరిగెలు తెచ్చింది. పరిగెలు చూడముచ్చటైనవే. కాని అవి గుంపుగా బారులు తీరి పరుగెత్తే జాతి. రెండు చెంబుల నీళ్ళలో బారు తీరడానికి చోటేది? ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మాణిక్యాంబ ముద్దుకొద్దీ అన్నం మెతుకులు వేసింది. మెతుకులు పులిశాయి, నీళ్ళు కుడితిలా మారాయి, పరిగెలు రొప్పసాగాయి.

అప్పుడామె ఏం చేసిందో తెలుసా? దిష్టి తీసింది! గుప్పెట కల్లుప్పు పట్టుకొని, కుండ చుట్టూ ముమ్మారు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అటు వాటా దిష్టి" అన్నది. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళలో కరగాలంటారు. నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి కదా అని ఆ ఉప్పును కుండలోనే వేసింది! ఉప్పు దిష్టిని కరిగించిందో లేదో చెప్పడానికి ఆధారం లేదు. పరిగెలు మాత్రం వెల్లకిలా తేలాయి.

మాణిక్యాంబ కుండను చంకన పెట్టుకొని అటు వాటాకు వెళ్ళింది. చంద్రమతి ముందు దాన్ని దించి, "చూడవే! ఇప్పటికి నీ కళ్ళు చల్లబడ్డాయా?" అన్నది.

చంద్రమతి వంగి చూసింది. అడుగున ఇంకా కరగని ఉప్పుగల్లు కనిపించింది.

"ఉప్పు వేశావా అక్కయ్యా?"

"దిష్టికి."

"ఎవరి దిష్టికి?"

"నీ దిష్టికే!"

చంద్రమతి కాదనలేదు. తల వంచుకుంది. "చేపలను చంపింది ఉప్పే. కాని నా చూపు పడిన మాట కూడా నిజమే అక్కయ్యా. నా గంగాళంలో చేపల వీపులు తప్ప ఏమీ కనబడవు. నీ గాజులో కన్ను కనబడుతుంది, రెక్క కనబడుతుంది. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇంత చిన్న కుండలో ఏ చేప బతుకుతుందో నాకు తెలుసు. చిన్నప్పుడు మా లంకలో పెంచేవాళ్ళం. తెలిసీ చెప్పలేదు."

మాణిక్యాంబకు కోపం రావాలి. వచ్చింది. కాని ఆ కోపం వెనుకనే ఒక చిత్రమైన సంతోషం కూడా వచ్చింది. తన కుండను చూసి ఓర్వలేనివారూ ఉన్నారన్నమాట! అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అయినా అడిగింది: "ఇప్పుడైనా చెబుతావా?"

ఆ తర్వాత ఇద్దరూ కలిసి కుండను శుభ్రంగా కడిగారు. నిలవ ఉంచిన నీళ్ళు పోశారు. కాస్త నాచు వేశారు. ఊరి చివరి వరిమడిలో చంద్రమతి బుట్ట ముంచి ఒక చేపను పట్టింది. చిటికెనవేలంత ఉంది. ఒంటిమీద పచ్చని చారలు. దాని పేరు ఊరికొకటి చెబుతారు. ఏది సరైనదో తేలలేదు గనుక పేరు వదిలేద్దాం. అది తొందర లేకుండా ఈదుతుంది. నీళ్ళలో గాలి చాలకపోతే పైకి వచ్చి ఒక గుక్క పీల్చుకొని వెళ్ళిపోతుంది.

"ఒక్కటేనా?" అన్నది మాణిక్యాంబ.

"ఒక్కటే. రెండోదాన్ని వేస్తే ఓర్వదు, కొట్టుకు చస్తాయి. గాజులో తన నీడను చూసినా మీదికి పోతుంది."

ఇద్దరూ తొంగిచూశారు. నిజమే. రెక్కలన్నీ విప్పుకొని, అది తన నీడతోనే కయ్యానికి దిగింది. కాళ్ళు ఉంటే కాలు కూడా దువ్వేదే! మాణిక్యాంబ చంద్రమతి వైపు చూసింది. చంద్రమతి మాణిక్యాంబ వైపు చూసింది. ముందు నవ్వింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు.

విజయదశమి సాయంత్రం పేరంటాళ్ళు గాజుకుండ ముందు నుంచి కదలలేదు. "ఇంత చక్కని చేపను ఎవరు ఏరి తెచ్చారమ్మా?" అని సుభద్రమ్మ అడిగింది.

నేనే అంటే సరిపోయేది. కాని మాణిక్యాంబ, "మా చంద్రమతి" అన్నది. ఆ మాట చేపముల్లులా గుచ్చుకుంటూనే బయటికి వచ్చింది.

పండుగ అయ్యాక కుండ ఒక పక్షం ఇటు, ఒక పక్షం అటు ఉండేది. మాణిక్యాంబ అసూయ ఆనాటితో మాయమైందంటే నువ్వు నమ్ముతావేమో గాని, నేను నమ్మను బంగారూ. కుండ అటు వెళ్ళినప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమనేది. అప్పుడామె తిన్నగా చంద్రమతి దగ్గరికి వెళ్ళి, "ఏమే, చేప నీ దగ్గర నిగనిగలాడుతోంది! నేను ఓర్వలేకపోతున్నాను" అని మొహం మీదే చెప్పేది.

"అయితే కూర్చో అక్కయ్యా, చూస్తూ ఓర్చుకో" అని చంద్రమతి పీట వేసేది.

కథేమో కంచికి వెళ్ళింది,
చేపేమో నాచులో ఒదిగింది,
మనమేమో ఇంటికి వచ్చాం,
కన్నులకిక సెలవిచ్చాం.