పోపులపెట్టె ఇల్లు

ఓంకారం దిగులంతా ఒక ఉలి గురించి.

కొండపల్లిలో బొమ్మలు చేసే నరసరాజు గారి దగ్గర అతను చేరి తొమ్మిదేళ్లయింది. పని పూర్తిగా వచ్చిందని తోచిన రోజున శిష్యుడి చేతిలో తన ఉలి పెట్టి పంపడం ఆయన పద్ధతి. తన తర్వాత చేరిన ఇద్దరు ఉలి పుచ్చుకుని వెళ్లిపోయారు. ఓంకారం ఇంకా అక్కడే ఉన్నాడు. అతని పనికి వంక పెట్టడానికి లేదు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు, తనలో ఏం తక్కువైందని. రాజుగారు రంగు కలుపుకుంటూ, ఈసారి వచ్చే పని నువ్వొక్కడివే చెయ్యి, పుచ్చుకునేవాళ్లు చూశాకే నేనూ చూస్తాను అన్నారు.

వచ్చింది మాణిక్యమ్మ. పాత చెక్క పోపులపెట్టె పట్టుకొచ్చింది. లోపల ఏడు అరలు. దాన్ని నిలబెట్టి, మనవరాలు ఆడుకోవడానికి బొమ్మరిల్లుగా మార్చమంది. ఇది మా అమ్మాయిది బాబూ, పోయి ఏడాదైంది, పిల్ల ఈ పెట్టె వదలడం లేదు అంటూ ఇంకా ఏదో చెప్పబోయింది. ఓంకారం అప్పటికే ఏ అరలో ఏ గది పెట్టాలా అని చూసుకుంటున్నాడు.

"పది రోజుల్లో రండమ్మా. మీరే గుర్తుపట్టలేరు" అన్నాడు.

గుర్తుపట్టలేనట్టే చేశాడు. అరల్లో పసుపు మరకలు గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాడు. ఇంగువ వాసన వదలడానికి మూడు రోజులు ఎండలో పెట్టాడు. మూత అంచున, బొటనవేలు ఆనేచోట చెక్క అరిగి చిన్న గుంట పడి ఉంది. అరల గోడలకి చెంచా తగిలి పడ్డ గాట్లున్నాయి. బొమ్మలు చేసేవాళ్లకి చెక్కలో గుంట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, అన్నిటిలోనూ కూరి, నున్నగా తీసి, రంగు వేశాడు.

మూత ఎర్రటి వీధి తలుపైంది. వంటగదిలో గోరంత పొయ్యి, పడకగదిలో అగ్గిపెట్టెంత మంచం, కింద అరలో తులసికోట. నిజం చెప్పాలి, ఇల్లు అందంగానే ఉంది. వీధిలోవాళ్లు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఇక ఉలి తనదేనని ఓంకారం ఆ రోజు కొత్త చొక్కా కూడా తొడుక్కున్నాడు.

మాణిక్యమ్మ మనవరాలు పావనిని వెంటబెట్టుకుని వచ్చింది. ఐదేళ్ల పిల్ల. ఓంకారం గుడ్డ తీసి ఇల్లు చూపించాడు.

పిల్ల ఎదురుగా కూర్చుంది. మంచం ముట్టుకోలేదు, పొయ్యి ముట్టుకోలేదు. తలుపు అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఇంకోసారి రుద్దింది. వంటగదిలోకి వంగి వాసన చూసింది.

"అమ్మమ్మా, అమ్మ పెట్టె ఏదీ?"

ఇదేనే తల్లీ అంటూ మాణిక్యమ్మ తనూ ఆ అంచు తడిమింది. తడుముతూ తడుముతూ ఆగిపోయింది. 

ఓంకారానికి తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. గుంట పడి ఉంటే మక్కు పెట్టి పూడ్చానండీ అని గొణిగాడు.

మూలన కూర్చుని చూస్తున్న రాజుగారు లేచారు. గూట్లోంచి తన ఉలి తెచ్చారు. పిల్ల పక్కన చతికిలబడి, ఆ ఎర్ర తలుపు అంచులోకి ఒక్క పోటు పొడిచారు.

 మెరుస్తున్న రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆయన ఉలి మొన పెట్టి మెల్లగా ఎత్తితే మక్కు ముద్ద ఊడి నేల మీద పడింది. గుంట బయటపడింది. అందులో చెక్క ఇంకా పచ్చగానే ఉంది, ఎన్నేళ్ల పసుపో.

పావని బొటనవేలు గుంటలో పెట్టింది. ఆ వేలికి అది చాలా పెద్దది. వేలు తీసి వాసన చూసుకుని మళ్లీ అక్కడే పెట్టింది. మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజుగారు ఉలి పిడిని ఓంకారం వైపు తిప్పి పట్టుకున్నారు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ఉలి. చెయ్యి చాచడానికి అతనికి సిగ్గేసింది.

"మిగతా మక్కు నువ్వు తియ్యి" అన్నారాయన.

ఓంకారం ఉలి అందుకుని పిల్ల పక్కన కూర్చున్నాడు. వెంటనే పెట్టెను ముట్టుకోలేదు.

"గాట్లు ఇంకా ఎక్కడెక్కడ ఉండేవమ్మా?" అని పావనిని అడిగాడు.