కనుమలో వినపడిన దగ్గు

ఊ కొడతామంటే చెబుతాను. మధ్యలో ఆపమంటే ఆపను. ఇది కొండకు తారురోడ్డు లేని కాలం నాటి మాట. అప్పుడు కొండ ఇవతల ఒక పాలెం, అవతల ఒక పాలెం, నడుమ ఒక కనుమ. ఇవతలి పాలేనికి ఒక దొర. ఆ దొరకు ఒక బండి.

బండి అంటే మామూలు బండి కాదు, ఇల్లు. నాలుగు చక్రాల మీద కదిలే ఇల్లు. మూడు జతల ఎద్దులు లాగేవి. చుట్టూ చెక్క గోడలు, పైన కప్పు, కిటికీలకు చాపలు. లోపల మంచం, ఉయ్యాల, గిన్నెల అర, నీళ్ల కాగు, గొలుసుల దీపం. దొర పేరు ఏమిటంటారా? ఎవరికీ గుర్తులేదు. అడగకండి.

దొరసాని పేరు చెన్నాంబ. చిన్న వయసు. తొలికాన్పు ఆడపిల్ల. ఆ పాపకు ఒళ్లు కాగుతోంది. రోజులు గడిచినా జ్వరం దిగలేదు, కన్ను మూతపడలేదు. కనుమ అవతల దొరసాని పుట్టిల్లు. అక్కడ మంచి వైద్యుడున్నాడు. పాపను బండిలో వేసుకుని బయలుదేరదామనుకుంది.

బండి కదిలింది. గిన్నెలు ఖణఖణమన్నాయి. పాప లేచి ఏడ్చింది. వెనక్కి తిప్పారు.

మళ్లీ కదిలింది. తలుపులు కటకటమన్నాయి. పాప లేచి ఏడ్చింది. వెనక్కి తిప్పారు.

ఇంకోసారి కదిలింది. ఇరుసులు కిర్రుకిర్రుమన్నాయి. పాప లేచి, ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి ఊరుకుంది. దొరసాని ఉయ్యాల పట్టుకుని కూలబడింది. బండిలో చప్పుడు ఆపగలిగినవాడు ఏది అడిగితే అది ఇస్తామని దొర చాటించాడు.

ఆ పాలెంలో హుసేనప్ప అని దూదేకేవాడొకడు ఉండేవాడు. భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని మళ్లీ మెత్తగా ఏకి కుట్టిపెట్టేవాడు. ఊరంతా అతను ఏకిన దూది మీద పడుకునేది. అతను చాప మీద పడుకునేవాడు. ఒకరి చెమట, ఒకరి నిద్ర. లోకం అప్పుడూ అలాగే నడిచింది.

హుసేనప్ప దొర ఉండే గడి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏం కావాలని దొర అడిగాడు. భూమి అడుగుతాడనుకున్నారు, ఎద్దులు అడుగుతాడనుకున్నారు.

"బండిలో మూల ఇంత చోటు ఇయ్యండి సామీ. కనుమ దాటించండి. అవతల మా అక్క ఉంది, మాబమ్మ. దానికి చూపు పోతాందంట. పూర్తిగా పోకముందే నా మొహం దానికి చూపియ్యాల. నడుద్దామంటే నా మోకాళ్లు కొండెక్కవు."

అంతేనా అని దొర నవ్వాడు. చోటు నీదే అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

పని మొదలైంది. హుసేనప్ప పళ్లేనికీ పళ్లేనికీ నడుమ దూది పెట్టాడు. చెంబు కడుపులో దూది కుక్కాడు. దీపం గొలుసుకు దూది చుట్టాడు. తలుపు సందుల్లో దూది పట్టీలు కుట్టాడు. గడియకు గుడ్డ కట్టాడు. బండి తోలే ఓబులేసు ఇరుసులకు ఆముదం పట్టించాడు. తొలిసారి దూది మరీ ఎక్కువైంది. దాది గంగులమ్మ లోపలికి పోతే తలుపు మూసుకోలేదు, మూసుకున్నాక తెరుచుకోలేదు. గంగులమ్మ లోపలినుంచి పెట్టిన శాపనార్థాలు గడి దాకా వినిపించాయి. హుసేనప్ప తలుపు పీకి, సగం దూది తీసి, మళ్లీ బిగించాడు.

అయినా ఎక్కడో టక్, టక్. హుసేనప్ప నడుస్తున్న బండిలో బోర్లా పడుకుని చెక్కకు చెవి ఆనించాడు.

"ఏం మామా, బండి కడుపులో బిడ్డ తన్నుతాందా?" అన్నాడు ఓబులేసు ముందునుంచి.

"తన్నుతాంది రా. మగబిడ్డే. నీ మాదిరే నోరు మూసుకోదు."

వెతికి వెతికి పట్టుకున్నాడు. దొరసాని తాంబూలం పెట్టెలో అడకత్తెర. దాన్నీ దూదిలో పడుకోబెట్టాడు. బండి గడి చుట్టూ తిరిగొచ్చింది. ఖణఖణ లేదు. కటకట లేదు. కిర్రుకిర్రు లేదు. పాప కళ్లు మూసింది. దొరసాని మొహంలో చాలా రోజులకు ప్రాణం వచ్చింది.

ఒక్క మాట మిగిలింది. దూదిని ఆరుబయట ఏకుతారు, నూగు గాలికి పోవాలని. హుసేనప్పను బండి లోపల ఏకమన్నారు. బయట ఏకితే దుమ్ము పడుతుందని, ఆ దుమ్ము పాపకు తగులుతుందని గంగులమ్మ భయం. కిటికీ చాపలు కూడా దింపించింది. పని అయ్యాక బండినంతా తడిగుడ్డతో తుడిపించింది. ఒక్క నూగు మిగలలేదు. హుసేనప్ప రొమ్మును ఎవరు తుడుస్తారు? అతనికి ముందే దగ్గు ఉండేది. బండి దిగేసరికి అది ఎదిగింది.

బయలుదేరారు. దొరసాని, ఉయ్యాలలో పాప, పక్కన గంగులమ్మ, ముందు ఓబులేసు. వెనక మూల హుసేనప్ప, మోకాళ్లు మడుచుకుని, మాట ప్రకారం. కొత్త తలగుడ్డ చుట్టుకున్నాడు. అక్క చూస్తుంది కదా. అతను వస్తున్నాడన్న కబురు అవతలికి ముందే పోయింది.

కనుమ మొదటి మలుపు దగ్గర దగ్గు వచ్చింది. అదిమాడు. మళ్లీ వచ్చింది. గుప్పిట నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి ఆగలేదు. పాప లేచి ఏడ్చింది.

హుసేనప్ప సిగ్గుతో కుంచించుకుపోయాడు. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. మనవాళ్లకు అదొకటి నేర్పారు కదా, రోగమొచ్చినా తామే సిగ్గుపడాలని.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. దిగు అని ఎవరూ అనలేదు. దొరసాని గంగులమ్మ వైపు చూసింది. గంగులమ్మ ఓబులేసు వైపు చూసింది. ఓబులేసు ఎద్దులను నిలిపాడు. అంతే. చప్పుడు లేని బండి కదా, ఆ చూపులు కూడా చప్పుడు లేకుండానే పనిచేశాయి.

హుసేనప్పే దిగాడు.

"కాసేపు నడుస్తాలే తల్లీ. పాప నిద్రపోతూనే ఒక కేక వెయ్యండి, ఎక్కుతా."

"నిద్రపోతూనే నిలుపుతాం" అంది దొరసాని. అబద్ధమాడాలని అనలేదు. నిజంగానే అంది.

బండి కదిలింది. పాప నిద్రపోయింది.

వెనకనుంచి దగ్గు వినపడింది. లోపల ఇంకే చప్పుడూ లేదు కనుక బాగా వినపడింది. బండిని అంత నిశ్శబ్దంగా చేసింది ఎవరో మీకు తెలుసు.

"ఏమన్నా వినపడిందా?" అంది దొరసాని.

"వినపడలేదు దొరసానీ" అన్నాడు ఓబులేసు. ఎగువలో ఆరు ఎద్దులను నిలపాలంటే చక్రాలకు రాళ్లు పెట్టాలి, బండి కుదుపుతుంది, పాప లేస్తుంది. అతని లెక్క అతనిది.

ఇంకో మలుపు. దగ్గు మళ్లీ వినపడింది, ఈసారి కొంచెం దూరంనుంచి.

"ఏమన్నా వినపడిందా?"

"వినపడలేదు తల్లీ" అంది గంగులమ్మ, కిటికీ చాప దింపుతూ. ఆమె లెక్క ఆమెది.

ఇంకో మలుపు. దగ్గు చాలా దూరంనుంచి వచ్చింది. ఈసారి దొరసాని ఎవరినీ అడగలేదు. పాప నుదుటి మీద చెయ్యి వేసి, తనకు తానే వినపడలేదని చెప్పుకుంది.

ఆ తరువాత దగ్గు నిలిచిపోయింది. ముగ్గురికీ ఊపిరి తేలికైంది. ఎక్కడో కూర్చుని అలుపు తీర్చుకుంటున్నాడులే అనుకున్నారు. వెనక ఏ బండో వస్తే ఎక్కుతాడులే అనుకున్నారు. ఆ కనుమలో వెనక ఏ బండీ రావడం లేదని ముగ్గురికీ తెలుసు.

పొద్దు వాలేముందు బండి అవతల దిగింది. దారి పక్కన ఒక ముసలమ్మ సద్దిమూట ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. బండి పక్కకొచ్చి నిలిచినా ఆమెకు వినపడలేదు. ఎద్దు ఊపిరి చేతికి తగిలితే లేచింది. మాబమ్మ.

"దొర బండేనా? మా హుసేనప్ప దిగలేదేం? నిద్రపోయినాడా?"

వెనక వస్తున్నాడన్నాడు ఓబులేసు.

"ఎనక అంటే ఎంత ఎనక? వానికి చిన్నప్పటినుంచీ దగ్గు. అది వినపడుతుంటే దగ్గర్లో ఉన్నట్టు. వినపడుతుండెనా నాయనా?"

ఓబులేసు నోరు తెరిచాడు. కనుమలో సులువుగా వచ్చిన మాటను మింగి ఎద్దుల వైపు తిరిగాడు. గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాబమ్మ సగం చూపుతో ఒకరి తరువాత ఒకరి మొహం వెతుకుతోంది.

దొరసాని బండి దిగింది. మట్టిలో దిగింది, చెప్పులు కూడా తొడుక్కోలేదు.

"వినపడింది అవ్వా. ముగ్గురికీ వినపడింది. నిలపలేదు."

మాబమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని దొరసాని బతికినన్నాళ్లూ అనేదట. ముసలమ్మ సద్దిమూట చంకన పెట్టుకుని కనుమ ఎక్కడం మొదలుపెట్టింది. తమ్ముడా, తమ్ముడా అని పిలుస్తూ పోయింది. కొండ ఆ పిలుపును తిప్పి పంపుతోంది తప్ప బదులు లేదు. దొరసాని ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది. ఓబులేసు బండి తిప్పుకుని వెనకే వచ్చాడు.

హుసేనప్ప ఒక మలుపు దగ్గర రాతికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం బండి పోయిన వైపే ఉంది. కొత్త తలగుడ్డ తల మీద లేదు. దాన్ని ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నాడు. దగ్గు బండి దాకా పోతోందని, పాప లేస్తుందేమోనని.

బండిలో చప్పుళ్లన్నీ ఆపాక, ఆఖరి చప్పుడును కూడా అతనే ఆపాడు.

ఊపిరి లేదని చూసి ఓబులేసు నేల మీద చతికిలబడ్డాడు. దొరసాని ఆ గుడ్డ తీయబోయింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మాబమ్మ వంగి, మెల్లగా, బిడ్డ నోట్లోనుంచి తీసినట్టు తీసింది. చూపు ఇంకా కొంచెం ఉంది. ఆ కొంచెంతోనే తమ్ముడి మొహం చాలాసేపు చూసింది.

"ఇంక దగ్గురా నాయనా. ఎవరు లేచినా పర్వాలేదు" అంది.

అతన్ని బండి ఎక్కించారు. పడుకోబెట్టడానికి మంచం ఇచ్చింది దొరసాని. ముసలమ్మ వద్దంది. వాడికి మూల ఇస్తామన్నారు, మూలే ఇవ్వండి అంది. అప్పుడు దొరసాని పళ్లేల మధ్య దూది లాగింది. చెంబుల్లో దూది లాగింది. తలుపు పట్టీలు పీకింది. దీపం గొలుసుకు చుట్టిన దూది విప్పింది. ఆ దూదినంతా మూలన పరిచి, దాని మీద హుసేనప్పను పడుకోబెట్టారు. పుట్టి బుద్ధెరిగాక అతను దూది మీద పడుకోవడం అదే మొదలు.

బండి కదిలింది. గిన్నెలు ఖణఖణమన్నాయి. తలుపులు కటకటమన్నాయి. దీపం చెక్కకేసి కొట్టుకుంది. మళ్లీ అవతలికి దిగుతుంటే కనుమ కనుమంతా ఆ మోత. గంగులమ్మ ఉయ్యాల మీదకు వంగి పాపను చూసింది.

పాప లేవలేదు. వైద్యుడి దాకా పోకముందే జ్వరం దిగింది. ఒళ్లు చల్లబడి, ఆ మోతలోనే నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయింది. అసలు పాపను లేపింది ఏ రోజూ ఒట్టి చప్పుడు కాదు, చిన్న చప్పుడునూ ఓర్వనివ్వని జ్వరం. అది తెలిసిన క్షణాన ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు.

హుసేనప్ప పేర ఆ మలుపులో మంటపం కట్టిస్తానని దొర కబురు పంపాడు. సిగ్గును కప్పుకోవడానికి పెద్దవాళ్లు రాళ్లు పేరుస్తారు, అది వాళ్ల అలవాటు. మాబమ్మ ఒప్పుకోలేదు. రాయికి దగ్గు వినపడదు అంది. కొండ ఎక్కేముందు వెనక కూర్చున్నవాళ్ల గొంతు ఒకసారి వినండి, అది చాలు అంది.

ఆ మాట నిలబడింది. దొరలు పోయారు, గడి కూలింది, కనుమకు తారురోడ్డు పడింది. ఇప్పుడు లారీలు, బస్సులు, పెళ్లి వ్యాన్లు, లోపలే మంచాలూ పొయ్యీ ఉన్న యాత్రా బండ్లు ఎక్కుతాయి. ఏ బండైనా కొండ అడుగున నిలుస్తుంది. లోపలున్నవాళ్లు ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ ఒకసారి దగ్గుతారు. అన్నిటికన్నా వెనక మూలన కూర్చున్నవాళ్లు ఆఖరున దగ్గుతారు. ఆ దగ్గు ముందుకు చేరేదాకా చక్రం కదలదు. కొత్తవాళ్లు నవ్వుతారు. వాళ్ల నవ్వు అయ్యేదాకా కూడా ఆగుతారు.

ఆ చుట్టుపక్కల ఇళ్లలో దగ్గేవాణ్ణి ఎవరూ ఉష్ అనరు. బయట పడుకోమనరు. ఆ కనుమ కింద అదే పెద్ద తప్పు.

వెనక మూలనుంచి దగ్గు రాగానే డ్రైవరు ఒక్క మాట అంటాడు.

"వినపడింది."

ఎంత నోరున్న డ్రైవరైనా ఆ మాట గట్టిగా అనడు. తల కొంచెం వంచి అంటాడు. అన్నాకే బండి కొండ ఎక్కుతుంది.