పన్నెండడుగుల ఎత్తున గాట్లు

గవరమ్మగారికి ఒక అలవాటుంది. శిష్యురాలు కోపంగా అడిగిన ప్రశ్నకి ఆవిడ జవాబివ్వరు. తమలపాకుకి ఈనె తీస్తూ ఏదో కథ ఎత్తుకుంటారు.

ఆ సాయంత్రం ఇందుమతి తన హరికథ చిడతలు తెచ్చి ఆవిడ ముందు పెట్టేసింది. "నేను చెప్పే వీరుడు ఏడడుగులవాడు కాదటండీ, మామూలు మనిషట. పాత కాగితాల్లో చూశాను. రేపు అంతమంది ముందు నిలబడి అబద్ధం ఎలా చెప్పను? ఈ విద్య నాకొద్దు."

"కూర్చో," అన్నారు గవరమ్మగారు, ఒక తమలపాకు అందుకుని కథ మొదలుపెడుతూ.

అమెరికాలో తెల్లవాళ్ళు, మనుషులున్న నేలనే ఖాళీ నేల అనుకుంటూ, పడమటికి బళ్ళు తోలుకుపోయిన కాలం. ఒక కొండ ఊళ్ళో ఎజ్రా పైక్ అనే పేరు వింటే ముసలివాళ్ళు కూడా టోపీ తీసేవారు. చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. కనుమ అవతల చలికాలంలో చిక్కుకున్న నలభై మందిని బళ్ళతో సహా భుజాన మోసుకొచ్చాడట. సాక్ష్యం కావాలా? కనుమ పొడుగునా చెట్ల మీద, దారి గుర్తుకి అతను కొట్టిన గొడ్డలి గాట్లున్నాయి. నేలకి పన్నెండడుగుల ఎత్తున.

కొత్త పంతులమ్మ హానాకి బడి అటక మీద అతని కోటు దొరికింది. తొడుక్కుంటే చేతులు మణికట్టు దాకా రాలేదు. "మీ మహాకాయుడు నాకంటే పొట్టి," అంది ఊరందరి ముందూ. చెట్టుతో పాటు గాట్లూ పైకి పోయి ఉంటాయని వాదించింది.

కట్టెలు కొట్టే సైలస్ నవ్వాడు. "చెట్టు కొసన పెరుగుతుంది పంతులమ్మా, మొదట్లో కాదు. పోనీ, ఉడతలు కొట్టాయంటావా?"

రుజువు తెస్తే సరే, లేకపోతే బడి వదిలిపొమ్మన్నారు పెద్దలు. నిచ్చెన ఆనించిన జాడలైనా దొరక్కపోతాయా అని ఆమె ఒక్కతే కనుమ ఎక్కింది. మంచు ముందే పట్టుకుంది. వేటగాళ్ళ గుడిసెలో వారం ఇరుక్కుపోయింది. రొట్టె అయిపోయాక, తలుపు మంచులో మునిగిపోయి, కప్పు సందులోంచి బయటపడి చూస్తే దారి లేదు, దిక్కు లేదు, అంతా ఒకటే తెలుపు. నడిచి నడిచి, ఇక చాలనుకుని ఒక చెట్టుకి చెయ్యి ఆనించింది.

అరచేతి కింద గాటు తగిలింది. సరిగ్గా ఆమె గుండెల ఎత్తున.

పక్క చెట్టుకి ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. ఒక్కోదాన్నీ తడుముకుంటూ, ఊరి పొగ కనిపించేదాకా నడిచింది. ఇంత ఎత్తు మంచు మీద నిలబడి, ఆ పొట్టి మనిషి, వెనక వచ్చేవాళ్ళ కోసం ప్రతి చెట్టు దగ్గరా ఆగాడన్నమాట.

"నిచ్చెన దొరికిందా?" అన్నాడు సైలస్.

హానా తన టోపీ తీసింది.

గవరమ్మగారు ఆకు చుట్టి నోట్లో పెట్టుకున్నారు. ఇందుమతి ముందుకి జరిగింది. "మరి రేపు మన వీరుణ్ణి ఏడడుగులవాడనాలా, మామూలు మనిషనాలా?"

ఆవిడ చిడతలు ఆమె వైపు జరిపారు.

"పొడుగు సంగతి తర్వాత. ముందు మంచెంత లోతో చెప్పు."