నల్ల ఇసుకలో ముక్కుపుడక

రొంగలి సన్యాసినాయుడు గారికి ఒక అలవాటు ఉండేది. ఏ తీరానికి వెళ్ళినా ముందు చెప్పులు విడిచేవారు. తరవాత మెటల్ డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి పళ్ళేన్ని ఒకేచోట ఇసుక మీద మెల్లగా పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి, చెవులు రిక్కించి నిలబడేవారు. చూసినవాళ్ళు అదేదో పూజ అనుకునేవారు. "ఈ నేల గొంతు ఎలా ఉంటుందో ముందు మిషన్‌కి తెలియాలి కదా. తెలియకపోతే ఇసుక పలికినా బంగారమే అనుకుంటుంది" అనేవారాయన.

నౌకాదళంలో నీటి అడుగున చప్పుళ్ళు వినే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక భీమిలిలో ఇల్లు కట్టుకున్న మనిషి. నిధులు, లంకెబిందెలు అని ఎవరైనా నోరెత్తితే గేటు దాకా మర్యాదగా సాగనంపేవారు. తీరంలో జనం పోగొట్టుకున్న ఉంగరాలూ తాళంచెవులూ వెతికి ఇవ్వడమే ఆయనకు సరదా. ప్రతిఫలం ఒక కొబ్బరిబొండాం, అదీ మరీ బలవంతం చేస్తే. వినడం కూడా ఒక విద్యేనని నాకు నమ్మకం కుదిరింది ఆయన్ని చూశాకే.

ఆయన శిష్యుడు శశిభూషణ్ విశాఖలో బీమా కంపెనీ ఉద్యోగి. సెలవురోజు వస్తే చాలు, తన చవక డిటెక్టర్ భుజాన వేసుకుని భీమిలిలో వాలేవాడు. ఒక ఆదివారం పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, మీ మిషన్‌లో ఉన్నదీ రాగితీగ చుట్టే, నాదాంట్లో ఉన్నదీ రాగితీగ చుట్టే. బ్యాటరీ, కర్ర, హెడ్‌ఫోన్, అన్నీ ఒకటే. మరి మీదానికి మోటారుసైకిలంత ధర ఎందుకండీ? సరదాపడేవాళ్ళ జేబులు కొట్టడం కాదూ?"

అడిగింది ఒకటి, అడగనిది ఇంకొకటి. అలాంటిది కొనాలని అతనికి ప్రాణం లాగుతోంది. ఇంట్లో ఆవిడకు ఏం చెప్పి ఒప్పించాలో తెలియడం లేదు. సన్యాసినాయుడు గారు చిన్నగా నవ్వి, "టీ తాగు. నీళ్ళు వెనక్కి తగ్గి ఉన్నాయి, అలా నడిచొద్దాం" అన్నారు. జవాబు అంతే.

మిషన్లతో ఇద్దరూ జాలరిపేట దాటగానే ఒడ్డున గుంపు కనిపించింది. మధ్యలో మరిడమ్మ అనే పెద్దావిడ, వాచిన ముక్కును అరచేత్తో కప్పుకుని, కోడలి మీద విరుచుకుపడుతోంది. ముక్కు పుండైందని పొద్దున్నే పుడక తీసి కోడలు ఎర్రయ్యమ్మకు దాచమని ఇచ్చిందట. అది మరిడమ్మ తల్లి పెట్టిన పుడక. ఎర్రయ్యమ్మ దాన్ని కొంగున ముడేసుకుని వల లాగడానికి నడుం వంచింది. వల ఒడ్డుకు వచ్చేసరికి ముడి జారి ఉంది, పుడక లేదు.

"నిన్న నీ తమ్ముడొచ్చి ఎల్లినాడు, నేడు నా పుడక ఎల్లిపోనాది. నాకు తెల్దనుకున్నావేటే?" అంటోంది మరిడమ్మ.

"గంగమ్మతల్లి మీద ఒట్టత్తా, ఇక్కడే పడిపోనాది. నానెక్కడికీ కదల్లేదు" అంటోంది ఎర్రయ్యమ్మ. ఆ పిల్ల ఏడవడం లేదు. తమ్ముడి పేరు ఎత్తగానే మాత్రం ఆమె మొహం నల్లబడింది.

శశిభూషణ్‌కు ఉత్సాహం ముంచుకొచ్చింది. గురువుగారి వైపు అనుమతి కోసం ఒక చూపు చూసి, అనుమతి వచ్చిందో లేదో చూసుకోకుండానే ముందుకు దూకాడు. ఆ ఒడ్డున ఇసుక నల్లది, ఉప్పునీటితో నానినది. పళ్ళెం ఆనించగానే అతని మిషన్ కీచుమంది. జరిపితే కీచుమంది, ఎత్తితే కీచుమంది. గుంపులో నవ్వులు లేచాయి. అతను మీట తిప్పి దాని వినికిడి తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. చివరికి అది బుద్ధిగా నోరు మూసుకుంది. అప్పుడు వల లాగిన మేరంతా శ్రద్ధగా గాలించాడు. ఎక్కడా కిక్కురుమనలేదు.

"ఇక్కడ లేదమ్మా" అన్నాడు నుదురు తుడుచుకుంటూ.

మాట అనడం సులువు. అది ఎక్కడ పడుతుందో అతను చూసుకోలేదు. మరిడమ్మ గుంపు వైపు తిరిగి, "యిన్నారా? మిసనే లేదనీసింది" అంది. ఆ మాటతో అప్పటిదాకా ఎర్రయ్యమ్మ పక్కన నిలబడి వల లాగిన ఆడవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ పిల్ల ఇసుక వైపే చూస్తూ ఉండిపోయింది. అవతల పోటు మొదలైంది. ఒక్కో అల ఇంకొంచెం పైకి వస్తోంది.

సన్యాసినాయుడు గారు చెప్పులు విడిచారు. పళ్ళెం ఎత్తారు, దించారు, ఎత్తారు, దించారు.

"నీళ్ళొచ్చేస్తన్నాయి బాబూ, పూజలేటి?" అన్నారెవరో. ఆయన వినిపించుకోలేదు. తరవాత నడక మొదలుపెట్టారు. మనిషి ఎంత నెమ్మది అంటే, పసిబిడ్డ నిద్రపోయే గదిలో నడుస్తున్నట్టు. అదే నల్ల ఇసుక, అదే ఉప్పునీరు; ఆయన చేతిలో మిషన్ మాత్రం అరవలేదు. ఒకచోట పలికింది. తవ్వితే మందుబిళ్ళల రేకు ముక్క. శశిభూషణ్ పెదవి విరిచాడు. ఆయన ఆ ముక్కను జేబులో వేసుకుని మళ్ళీ నడిచారు. అల వచ్చి పాదాలు తడిపి పోయింది. ఇంకోచోట ఆగి, వెనక్కి ఒక పిసరు జరిపి, కళ్ళు మూసుకున్నారు. పక్కనున్నవాళ్ళకు ఏమీ వినపడలేదు. ఆయన వంగి దోసెడు ఇసుక తీసి వెంట తెచ్చుకున్న జల్లెడలో పోసి, అలలో ముంచి కడిగారు.

జల్లెడ అడుగున పుడక మెరిసింది.

ఆ క్షణంలో ఆయన చేసిన పనికి నేను ఇప్పటికీ మనసులో చేతులెత్తి మొక్కుతాను. పుడక పోగొట్టుకున్నది మరిడమ్మ అయినా, ఆయన దాన్ని తీసుకెళ్ళి ఎర్రయ్యమ్మ అరచేతిలో పెట్టారు. ఆ పిల్ల దాన్ని అత్తకు అందించింది. మరిడమ్మ చాలాసేపు పుడకను చూసింది. తల ఎత్తలేదు. చివరికి దాన్ని మళ్ళీ కోడలి చేతిలోనే పెట్టి, "దాయి. ఈపాలి రెండు ముళ్ళెయ్యి" అంది. ఎర్రయ్యమ్మ కొంగు అందుకోబోయి, అప్పుడు ఏడ్చింది.

తిరుగుదారిలో శశిభూషణ్ తన మిషన్ మీట అటూ ఇటూ తిప్పుతూ నడిచాడు. పొద్దుటి ప్రశ్నను గురువుగారే అందుకున్నారు. "ఉప్పునీరు పలుకుతుంది, నల్ల ఇసుకలో ఇనుమూ పలుకుతుంది. ఆ సంతగోలలో ఆవగింజంత బంగారం గొంతు పట్టుకోవాలి. ఎవరో మహానుభావులు ఏళ్ళ తరబడి ఇలాంటి ఒడ్డుల్లో తిరిగి, విని, విసిగి, మళ్ళీ విని దీనికి ఆ ఓపిక నేర్పారు. కొనేవాళ్ళం చూస్తే గుప్పెడుమందిమి. ఆ కష్టం ఖరీదంతా ఈ గుప్పెడుమందిమే పంచుకోవాలి మరి."

"తెలిసిందండీ. వెతికి పట్టుకుంటుంది కనుకే దానికంత ధర" అన్నాడు శశిభూషణ్.

సన్యాసినాయుడు గారు ఆగి, వెనక్కి చూశారు. వల లాగిన చోటు అప్పటికే నీళ్ళ కింద ఉంది.

"'ఉంది' అంటే తవ్వి చూసుకుంటాం నాయనా" అన్నారు. "'లేదు' అంటే ఎవడూ తవ్వడు."