పొడిమట్టిలో వరినారు

పెంచలయ్యకు తన కొలత మీదున్న నమ్మకం ముందు కొండలు కూడా వంగి దణ్ణం పెట్టాల్సిందే. మట్టి పరీక్షల మస్తానయ్యగారి దగ్గర ఏడేళ్లు శిష్యరికం చేశాడు మరి.

చెంచమ్మ పొలంలోకి ఎగువ గనుల మురికినీళ్లు దిగి, మట్టిలో ఆర్సెనిక్ అనే విషం చేరింది. అక్కడ పండేదే ఆమె ఇంట్లో నలుగురికీ ఏడాది తిండి. మట్టిలో ఎంత విషముందన్నది కాదు పేచీ, అందులో వరివేరు తాగగలిగేది ఎంతన్నదే. అది తేల్చుకుపోదామని వచ్చి ఆమె మస్తానయ్యగారి వరండాలో కూర్చుంది. మడిలో నారు ముదిరిపోతోంది.

పెంచలయ్య ఆ మట్టిని వారం రోజులు ఎండబెట్టాడు. అప్పడాలు కూడా అంత ఎండ చూసి ఉండవు. ఎంత మెత్తగా నూరి జల్లించాడంటే, ఎవరైనా తుమ్మితే ఆ పొడి మూడూళ్ల అవతల పడేది. రసాయనపు నీళ్లలో కలిపి, కుదిపి, వడగట్టి యంత్రంలో పెట్టాడు. అంకె దాదాపు సున్నా.

"నాటుకోవచ్చని రాసిచ్చేస్తానయ్యా," అన్నాడు గర్వంగా.

మస్తానయ్యగారు మిగిలిన పొడిని ఒక కుండలో పోశారు. నారు ముదిరిపోతోందని చూపించడానికి చెంచమ్మ తెచ్చిన కట్టలోంచి ఒక మొక్క తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"నాటు."

గుచ్చాడు. పడిపోయింది. మళ్లీ గుచ్చాడు. మళ్లీ పడిపోయింది.

"నిలబడట్లేదయ్యా. బురద కావాలి."

"అయితే బురద చెయ్యి. దాన్ని కొలిచి చూడు."

"నేనెప్పుడన్నా దుమ్ములో నాటానా అబ్బయ్యా?" అంది చెంచమ్మ, నవ్వకుండా.

కుండలో ఇరవై రోజులు నీళ్లు నిలబెట్టారు. బురద నల్లబడి, వీధి చివరి కుక్కలు సైతం ఊరొదిలి పారిపోయేంత కంపు కొట్టింది. గాలి తగలనీయకుండా మట్టి లోపలి నీటిని సిరంజితో లాగి పెంచలయ్య యంత్రంలో పెట్టాడు. ఎండినప్పుడు మట్టి బిగబట్టుకున్న విషాన్ని నిలవనీరు విడిపించేసింది. మొదటి అంకెకు అరవై రెట్లు. ఇది మాత్రం పెంచి చెబుతున్నది కాదు.

"ఆమెకు నువ్వే చెప్పు," అన్నారు గురువుగారు.

చెప్పాడు. చెంచమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"సరే, నాటను. పోయినేడు నాటుకోమని రాసిచ్చింది కూడా నువ్వే గదా నాయనా. అప్పుడూ ఇట్టాగే ఎండబెట్టి చూశావా?"

పెంచలయ్య తలూపాడు.

"ఆ బియ్యమే ఏడాదిగా వండిపెట్టినా. నా మనవరాలికి అరిచేతుల్లో గట్టి బుడిపెలు లేస్తన్నాయి. ఎందువల్లంటావు?"

పెంచలయ్య గురువు వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంది? అడిగింది నిన్ను," అన్నారు మస్తానయ్యగారు.