లింగమ్మ ఇంటి బత్తాయి అంటు

తిప్పనపల్లెలో లింగమ్మ, ఆమె కొడుకులు ఓబులప్ప, తిమ్మప్ప ఉండేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మా అంతటి తెలివిగలవాళ్ళు లేరని ముగ్గురికీ భలే గర్వం.

వాళ్ళ తోటంతా వేరుకుళ్ళుతో పోయి ఒక్క బత్తాయి చెట్టు మిగిలింది. లింగమ్మ మొగుడు నాటింది. కాయ తేనే అనుకోండి. అదీ ఎండుముఖం పట్టింది.

"ఇది పోతే మీ నాయన చేతి తీపి పోయినట్టేరా," అని లింగమ్మ దిగులు పడింది.

నర్సరీ కేశవయ్య మంచివాడు. రెండు పులుపు జాతుల్ని కలిపి కొత్త నారు పెంచాడు.

"ఇవన్నీ ఒక్కలా ఉండవమ్మా. వేరు గట్టిదాన్ని ఎంచి, దానిమీద మీ బత్తాయి మొగ్గ అంటు కడదాం. చెట్టుకు తెగులు రాదు, కాయ మీ కాయే. రోజూ చూసుకోండి, వేరు చెడ్డవి తీసెయ్యండి," అని నారు ఇచ్చాడు.

వేరేమో మట్టిలో ఉందాయె. అంతే, అన్నదమ్ములు రోజూ పొద్దున్నే మొక్కలన్నీ పీకి, వేళ్ళు చూసి, మళ్ళీ పాతేవాళ్ళు.

"నిన్నటికంటే వాడిపోయిందేమిరా?"

"నువ్వు మరీ గట్టిగా చూశావన్నా. మెల్లగా చూడు."

ఇంకేముంది, నారంతా ఎండిపోయింది. లింగమ్మ గంప బోర్లించి మరిచిపోయిన చోట మాత్రం ఒక మొక్క బతికింది. కేశవయ్య తల పట్టుకుని, దానికే మొగ్గ కట్టాడు. అది చిగురేసింది కూడా.

"కట్టుకింద ఉండేదంతా పులుపు జాతి. అక్కడ ఏది కనబడినా కోసెయ్యండి," అని చెప్పి వెళ్ళాడు.

తిమ్మప్ప వంగి చూశాడు. "కట్టుకింద కాండం కనబడుతోందన్నా."

"కొయ్యి మరి."

అంతే, ఒక్క వేటు. చిగురు చేతికొచ్చింది. పులుపు పీడ వదిలిందని లింగమ్మ దానికి దిష్టి తీసింది.

"వేరు లేకుండా ఎట్లా బతుకుతుందిరా?" అన్నాడు మర్నాడు చూడవచ్చిన కేశవయ్య.

"పులుపు మీద పడి బతికే తీపి మాకెందుకయ్యా?" అన్నాడు ఓబులప్ప.

పాపం, కేశవయ్యకు కోపం కూడా రాలేదు. "సరే, మోడు మట్టిలోనే ఉంది, మళ్ళీ చిగురిస్తుంది. అప్పుడు మీ చెట్టు నుంచి మంచి మొగ్గ ఒకటి తెండి, కడతాను."

కొన్నాళ్ళకు నర్సరీ ముందు ఎడ్లబండి ఆగింది. బండి నిండా బత్తాయి చెట్టు, మొదలంటా నరికింది.

"ఏ మొగ్గ మంచిదో మాకేం తెలుసయ్యా? మీరే ఎంచుకోండి," అన్నాడు తిమ్మప్ప.

కేశవయ్య గబగబా కొమ్మలు వెతికి ఒక పచ్చి మొగ్గ కోశాడు. "ఇది వాడకముందే కట్టాలి. పదండి పదండి, ఆ మోడు దగ్గరికి."

బండి దిగిన లింగమ్మ నవ్వి కొంగుముడి విప్పింది.

"అంత దూరం మీకెందుకు శ్రమ నాయనా," అంటూ, మోడుతో సహా పీకి, శుభ్రంగా కడిగి, బాగా ఎండబెట్టిన ఆ వేరును ఆయన చేతిలో పెట్టింది.