ఎర్రదిబ్బ కింద సొరంగం

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఎర్రమట్టి దిబ్బ. దిబ్బ నిండా కుందేళ్లే. బొరియ మీద బొరియ, గోడకు గోడ. ఒకరు తుమ్మితే పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. నవ్వకండర్రా, మీరున్నా అంతే!

గడ్డిమైదానం ఎదురుగానే ఉంది. కానీ దారిలో నక్క కాపు కాసేది. మేతకెళ్లినవాళ్లలో రోజూ ఒకరు తిరిగొచ్చేవాళ్లు కాదు. అందుకని నేల కింద సొరంగం తవ్వించుకుందామని పందికొక్కును పిలిచాయి.

పందికొక్కు మట్టిని నలిపి చూసింది. "అట్టడుగు ఇళ్ల కింద మట్టి వదులుగా ఉంది. చుట్టూ తిప్పి తవ్వుతాను. పది రోజులు ఎక్కువ పడుతుంది" అంది.

"ఇంకా పది రోజులా! నక్క ఊరుకుంటుందా?" అన్నాడు కుందేళ్ల పెద్ద గుబురుమీసం తాత. "అందరి మాటా తీసుకుందాం."

అక్కడ మాట తీసుకోవడమంటే, వెనకకాళ్లతో నేలను దబదబా బాదడం. ఏ పక్క మోత ఎక్కువైతే ఆ పక్క గెలిచినట్టు. ఇళ్ల కింద నుంచే తవ్వాలన్నవాళ్ల మోత ఎక్కువైంది.

అట్టడుగు ఇంట్లో తెల్లబొట్టు అనే తల్లి కుందేలు, ముగ్గురు పిల్లలతో ఉండేది. తవ్వకం మొదలైన రోజే ఆ ఇంట్లో మన్ను రాలింది. ఆమె పరుగెత్తి తాతకు చెప్పింది.

"పాత ఇల్లు కదమ్మా, రాలదూ?" అన్నాడు తాత.

రెండో రోజు గోడ బీటలిచ్చింది. "పిల్లలు గెంతుతున్నారేమో, కాస్త అదుపులో పెట్టుకో" అన్నాడు.

మూడో రోజు ఆమె మళ్లీ వచ్చింది. "నేల కదులుతోంది తాతా! నాకు భయంగా ఉంది. ఒక్కసారి వచ్చి చూడండి, మీకు దండం పెడతాను."

దిగి చూస్తే తెలిసిపోయేది. ఆ పెద్దమనిషి దిగలేదు! "నువ్వొక్కదానివి అంటే సరిపోతుందా? అందరినీ అడుగుదాం" అని దిబ్బ మీద సభ పెట్టాడు. "ఏ ప్రమాదమూ లేదనేవాళ్లు బాదండి!"

"వద్దు, బాదకండి! నా పిల్లలు లోపలున్నారు!" అని తెల్లబొట్టు గొంతు చించుకుంది. ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? దిబ్బంతా ఒక్కసారిగా దబ్బున బాదింది.

లోపల ఏదో మూలిగినట్టయింది. అట్టడుగు వరసంతా కూలిపోయింది.

తల్లి గోళ్లు ఊడేలా మట్టి తోడింది. పందికొక్కు కింది నుంచి తవ్వుకొచ్చింది. పెద్దపిల్ల దగ్గుతూ బయటపడింది. తర్వాత రెండోది. చిన్నది మాత్రం పొద్దు వాలేదాకా దొరకలేదు. దొరికాక ఊపిరి ఉందో లేదోనని అందరూ వంగి చూశారు.

అది మెల్లగా కళ్లు తెరిచి, తల్లిని కరుచుకుని అడిగింది: "అమ్మా, వాళ్లు మళ్లీ బాదుతారా?"

తాత బావురుమన్నాడు. సొరంగం చుట్టూ తిప్పి తవ్వారు, పది రోజులు ఎక్కువే పట్టింది. ఆనాటి నుంచి ఆ దిబ్బ మీద ఎవరూ కాలు బాదరు. ఏదైనా తేల్చుకోవాలంటే తాత ఇంటింటికీ వెళ్లి అడుగుతాడు. మొదట అట్టడుగు ఇంటికే వెళతాడు.

నీతి: మట్టి నిలుస్తుందో కూలుతుందో మోతతో తేలదు, కూలితే ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లను ముందు అడగాలి.